అద్దాల తొట్టెలో ఏలుబడి

ధ్యాన భాగములు: ఆదికాండము 1:20–28, 6:14–21, సామెతలు 12:10, యోహాను 19:25–27



ఈ దినములలో మన నరసాపురములోనే గాక చుట్టుపట్ల గ్రామములలో కూడ కొన్ని ఇండ్లలో అద్దాల తొట్టెలు కనబడుచున్నవి. పిల్లలు ముచ్చటపడి అడిగిరని పెద్దలు గోల్డు ఫిష్‌లను, ఫైటరు చేపను కొని తెత్తురు. వానకాలమున కాలువలో దొరికిన తోక కప్పపిల్లలను పిల్లలే సీసాలో వేసి తెత్తురు. కొన్ని దినములు గడచిన పిమ్మట సర్దుబాటు మొదలగును. పెద్ద తొట్టెలోని చేపను చిన్నదానిలోనికి, చిన్నదానిలోని చేపను సీసాలోనికి, కప్పపిల్లలను చేపల నడుమకు మార్చుదురు. చుట్టములు వచ్చుచున్నారని అందమైన చేపలన్నిటిని ముందుగదిలోని తొట్టెలో చేర్చుదురు. ఇంత చిన్న పనికి దేవుని వాక్యముతో ఏమి పని యని కొందరు అడుగవచ్చును. ఎదురు చెప్పలేని ప్రాణిని ఒక చోటి నుండి మరియొక చోటికి మార్చు అధికారము చేతికి వచ్చినప్పుడు మన మనస్సు ఎట్టిదో బయటపడును. కాబట్టి ఈ నెల మేము ఈ చిన్న సంగతినే ధ్యానింప దలచితిమి.

సముద్రపు చేపల మీద మనుష్యుడు ఏలుబడి చేయవలెనని ఆదికాండము మొదటి అధ్యాయములో చదువుచున్నాము. అయితే ఆ మాటకు ముందున్న 22వ వచనమును మనము త్వరగా దాటిపోవుదుము. పరిశుద్ధ గ్రంథములో మొట్టమొదటి ఆశీర్వాదము పొందినది మనుష్యుడు కాడు. నీటిలోని జీవులును ఆకాశ పక్షులును ముందుగా ఆశీర్వాదము పొందెను. మనుష్యుడు ఆ తరువాత వచ్చెను. అనగా, దేవుడు అంతకుముందే దీవించిన వాటి మీద ఆయన మనకు అధికారమిచ్చెను. యజమానుడు ముద్దుగా చూచుకొను బిడ్డను దాది చేతికి అప్పగించినట్లే ఇది యున్నది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వచ్చును. మనము గోదావరి డెల్టా వారము. చేప మన అన్నములో కూర, అనేక కుటుంబములకు జీవనాధారము. చెరువు పట్టుబడి దినమున వేల చేపలను ఐసులో వేసి పంపు మనము తొట్టెలోని రెండు చేపలను గూర్చి బెంగపడుట వింత కాదా? చేపను పట్టుట, తినుట పాపమని మేము చెప్పుట లేదు. మన ప్రభువు పునరుత్థానుడైన పిమ్మట శిష్యుల యెదుట చేపను భుజించెను. తిబెరియ తీరమున వారి కొరకు నిప్పుల మీద చేపను కాల్చెను. అయితే ఆకలికై ప్రాణి నుపయోగించుట వేరు, అశ్రద్ధచేత దానిని బాధించుట వేరు. చెరువులో నీరు చెడినయెడల చేప మరియొక మూలకు పోవును. తొట్టెలో పోవుటకు మరియొక మూల లేదు. తప్పించుకొను దారిని మనము మూసివేసితిమి గనుక, ఆ ప్రాణి తనకు తాను వెదకుకొనగలిగిన దానిని మనము సమకూర్చవలసి యున్నది. బాధ్యత అక్కడ పుట్టుచున్నది.

కాబట్టి తొట్టె మార్చువాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మాకు తోచుచున్నది.

మొదటిది: ఈ మార్పు ఎవరి కొరకు? గోల్డు ఫిష్ చల్లని నీటిని కోరును, పెద్దదిగా పెరుగును, నీటిని త్వరగా మురికి చేయును. ఫైటరు వెచ్చని నీటిని కోరును. దాని పొడవైన రెక్కలను తక్కిన చేపలు కొరుకును. రెండు మగ ఫైటర్లను కలిపినయెడల ఒకదానినొకటి చీల్చుకొనును. తోక కప్పపిల్లకు కాళ్లు వచ్చి తోక తగ్గుచుండగా మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిచేయ నారంభించును; ఎక్కి కూర్చుండుటకు ఒక రాయియైనను లేనియెడల, నీటిలో పుట్టిన ఆ ప్రాణియే నీటిలో మునిగి చచ్చును. పై దేశములలో తొట్టెలలో పెంచు ఆఫ్రికా మరుగుజ్జు కప్ప జీవితమంతయు నీటిలోనే యుండునుగాని గాలి కొరకు పైకి రావలెను. అది వాసనబట్టి మెల్లగా మేత వెదకును. చురుకైన చేపలతో కలిపినయెడల మేతంతయు చేపలే తినును. కప్ప అందరి కన్నుల యెదుట ఆకలితో చిక్కిపోవును. చూచువారికి తొట్టె నిండుగా, అందముగా నుండును. సామెతలు 12:10లో జ్ఞాని ఒకని నీతిని వాని ప్రార్థనలలో వెదకలేదు. వాని పశువుల కొట్టములో వెదకెను. నేడు మన ఇంటి తొట్టెలో కూడ వెదకును.

రెండవది: నీరు సిద్ధమైనదా? ఈ సంగతి మన చెరువుల మీద పనిచేయు సహోదరులకు బాగుగా తెలియును. ఆక్సిజను పట్టిన సంచులలో చేపపిల్లలు వచ్చినప్పుడు వారు సంచి విప్పి ఒక్కసారిగా కుమ్మరింపరు. సంచులను 15 నుండి 20 నిమిషములు చెరువు నీటి మీద తేలనిత్తురు. పిమ్మట కొంచెము కొంచెముగా చెరువు నీటిని సంచిలో కలుపుదురు. అప్పుడు పిల్లలు తామే ఈదుకొని బయటికి పోవును. ఇంటిలోనైతే తొట్టెను, ఇసుకను, రాళ్లను తళతళలాడునట్లు తోమి, కొత్త పంపు నీరు నింపి, చేపను వెంటనే విడుతురు. ఆ నీటిలోని క్లోరిను చేప మొప్పలను కాల్చును. చేప విసర్జనలోని అమ్మోనియా విషమును విరుచు సూక్ష్మజీవులు ఇసుకను, రాళ్లను అంటియుండును. అవి తిరిగి కుదురుకొనుటకు కొన్ని వారములు పట్టును. కంటికి శుభ్రమైనది ప్రాణికి సిద్ధమైనది కాకపోవచ్చును.

దేవుడు ప్రాణులను మార్చిన విధము చూడుడి. నోవహు ఓడలో మొదట అరలు కట్టబడెను, ఆహారము కూర్చబడెను. పిమ్మట జంతువులు ప్రవేశించెను. మన యెదుటనే మరియొక పాఠమున్నది. వరదకాలమున సముద్రము నుండి విలస చేప వసిష్ఠ గోదావరిలోనికి ఎదురీది వచ్చి పులస యను పేరు పొందును. ఉప్పునీటి నుండి తీపినీటికి మారుట తక్కిన అనేక చేపలకు మరణము. సృష్టికర్త పులస దేహములోనే ఆ మార్పుకు కావలసిన ఏర్పాటు నుంచెను. ఉప్పును తీపియు కలిసిన మొగనీటి గుండ దారి పెట్టెను. సిద్ధపరచకుండ ఆయన దానిని పంపలేదు.

మూడవది: మార్చిన పిమ్మట జవాబుదారి యెవరు? తొట్టెలో పాచి తినుటకు సక్కరు చేపను కొందురు. అది దక్షిణ అమెరికా జాతి. దాని ఒంటి మీద కవచము, గట్టి ముళ్లు ఉండును. అది అడుగుకు మించి పెరిగి తొట్టెలో పట్టక పోగా, చంపుటకు మనసొప్పక కాలువలో విడిచిపెట్టుదురు. దయచేసితిమని తలంతురు. నేడు ఆ జాతి ఆంధ్ర దేశపు చెరువులలోను నదులలోను విస్తరించి, బీద జాలరుల వలలను చింపుచున్నది. స్థానికమైన చేపల మేతను తినివేయుచున్నది. ఒక ఇంటి సర్దుబాటు ఖర్చును జాలరి చెల్లించుచున్నాడు.

ఈ తొట్టెల చరిత్రలోనే దీనికి ఒక సాక్ష్యమున్నది. 1836లో విలియం బౌడెను, జార్జి బీరు అను ఇద్దరు యౌవనులు భార్యలతో కూడ ఇంగ్లండులోని డెవను ప్రాంతము నుండి బయలుదేరి వచ్చి, తరువాత మన నరసాపురమున సువార్త సేవ సాగించిరి. వారు ఏ బ్రదరెను సహవాసమునకు చెందిరో, ఆ సహవాసములోనే డెవనులో వాక్యము బోధించిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఫిలిప్ హెన్రీ గాస్ (1810–1888). 1853లో లండను జంతుశాలలో తెరచిన చేపల తొట్టెల శాలకు ఆయన సహాయపడెను. అక్వేరియము అను మాటకు ప్రచారము తెచ్చినది ఆయన 1854 నాటి గ్రంథము. సృష్టికర్త మహిమను జనులకు చూపవలెననియే ఆయన వ్రాసెను. అయితే ఆ గ్రంథములు చదివిన జనులు గుంపులుగా సముద్రతీరమునకు పోయి, రాతి మడుగులలోని జీవులన్నిటిని తొట్టెల కొరకు దోచుకొనిరి. ఆ మడుగులు పాడగుట చూచి ఆయన మిక్కిలి నొచ్చుకొనెనని కుమారుడు ఎడ్మండు 1907లో వ్రాసెను. మంచి ఉద్దేశము చాలదు. దాని ఫలితమును వెనుకకు తిరిగి చూడవలెను.

ప్రియులారా, ఈ మూడు ప్రశ్నలు తొట్టె దగ్గర ఆగవు. మన గ్రామములలో ముసలి తల్లిని నెలకొక కుమారుని ఇంటికి వంతుల ప్రకారము మార్చుట కలదు. కొన్ని ఇండ్లలో అది ప్రేమతోనే జరుగును. మరికొన్ని ఇండ్లలో ఒకటవ తేదీన ఆమె సంచి గడప దాటును, అంతే. ఈ మార్పు ఆమె కొరకా, అన్నదమ్ముల లెక్క సరిపోవుటకా? ఆమె మంచము, మందులు, మెత్తని అన్నము ఆ ఇంట సిద్ధముగా ఉన్నవా? పంపిన కుమారుడు మరునాడు వెళ్లి ఆమె నిద్రపోయెనా యని అడిగెనా? చేపకు నోరు లేదు. తల్లికి నోరున్నను, కోడండ్ర మధ్య కలహము రేగునేమో యని మూసికొనును.

మన ప్రభువు కూడ తన తల్లిని ఒక ఇంటి నుండి మరియొక ఇంటికి మార్చెను. ఆ మాట సిలువ మీద నుండి పలికెను. తన వేదన మధ్య ఆమె రేపటి దినమును తలంచి, ప్రేమించు శిష్యుని ఎన్నుకొని, ఇద్దరికిని సంబంధము ఏర్పరచి అప్పగించెను. శిష్యుడు ఆ గడియనుండియే ఆమెను చేర్చుకొనెను. మనలను కూడ ఈ లోకము నుండి మార్చు దినము వచ్చును. దానికి ముందుగానే స్థలమును సిద్ధపరచుటకు వెళ్లుచున్నానని ఆయన చెప్పియున్నాడు (యోహాను 14:2).

మన కొరకు స్థలము సిద్ధపరచు ప్రభువు, మన చేతి క్రింద నున్న చిన్న ప్రాణులకును, మన ఇంటి పెద్దలకును స్థలము సిద్ధపరచు మనస్సును మనకు దయచేయును గాక. ఆమేన్.