నిక్షేపాశ – ధర్మమర్యాద

పురుషార్థములు నాలుగింటిలో అర్థము రెండవది. దానికి ముందు ధర్మమును నిలిపిన పెద్దల అభిప్రాయము స్పష్టము: ధనార్జన దోషము కాదు, ధర్మమును దాటిన ధనార్జనయే దోషము. భూగర్భమునందలి ధనమును వెదకుటయు నిషిద్ధము కాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున గనులకు ప్రత్యేకముగ ఒక అధ్యక్షుని విధించెను.

ఈ కాలమున ఆ యన్వేషణము మఱియొక రూపము దాల్చినది. చిన్న గనుల కంపెనీలని వ్యవహరింపబడు సంస్థలు కెనడా, ఆస్ట్రేలియా దేశములందు పెక్కు కలవు. వీనిలో అధికభాగమునకు గనులుండవు. గని యుండునేమో యను ఆశయే వీని మూలధనము. ఇవి ప్రజలకు షేర్లు విక్రయించి, ఆ ధనముతో నేలకు రంధ్రములు వేయించి, పైకి వచ్చిన రాతిని పరీక్షింపజేయును. ధనము వ్యయమైనంతనే మరల క్రొత్త షేర్లను విక్రయించును. పాతవారి వాటా అంతకంతకు తఱుగును. పెక్కింటికి లభించునది రాయి మాత్రమే. ఏ ఒక్కదానికో నిక్షేపము దొరకును. 1993లో కెనడాలోని లాబ్రడార్ ప్రాంతమున, వాయిసీస్ బే వద్ద, వజ్రములకై వెదకిన వారికి నికెలు గోచరించెను. దాని హక్కులు గల డైమండ్ ఫీల్డ్స్ సంస్థను 1996లో ఇన్‌కో అను పెద్ద సంస్థ సుమారు 430 కోట్ల కెనడా డాలర్లకు కొనెను.

ఇది ఒక వైపు. ఆ కాలముననే బ్రీ-ఎక్స్ అను కెనడా సంస్థ, ఇండోనీసియాకు చెందిన బోర్నియో ద్వీపభాగమున, బుసాంగ్ వద్ద 7 కోట్ల ఔన్సుల బంగారము కలదని చాటెను. దాని షేర్ల మొత్తము విలువ 600 కోట్ల కెనడా డాలర్ల వఱకు పెరిగెను. 1997 మే నెలలో స్వతంత్ర పరీక్షకులు తేల్చిన సత్యము వేఱు: పరీక్షకు పంపిన రాతిపొడిలో వెలినుండి తెచ్చిన స్వర్ణరజము కలుపబడినది, ఆ నేలలో త్రవ్వదగిన బంగారమే లేదు. ఒంటారియో ఉపాధ్యాయుల పింఛను నిధి మొదలు సామాన్య గృహస్థుల వఱకు ఎందఱో నష్టపోయిరి. 2001లో, అర్హుడైన నిపుణుని పూచీ లేనిదే ఖనిజ వివరములను ప్రకటింపరాదని కెనడాలో నియమ మేర్పడెను. నియమము అసత్యమును అరికట్టవచ్చును, ఆశను అరికట్టజాలదు.

మఱి ఇట్టి షేర్లు కొనుట జూదమా? సముచితమైన ఉద్యమమా? ఒక్క ధర్మరాజు చరితమే ఈ ప్రశ్నకు ఉభయపక్షములను చూపుచున్నది. ద్యూతసభలో ఆయన తనకు రాని విద్యలో, నేర్పరియగు శకునితో తలపడెను. పోయినదానిని రాబట్టుకొను తమకమున తమ్ములను, ధర్మపత్నిని సైతము ఒడ్డెను. ఆయనయే యుద్ధానంతరము, వ్యాసుని ఉపదేశము ననుసరించి, మరుత్తమహారాజు హిమాలయమున విడిచిన సువర్ణరాశిని శివార్చనపూర్వకముగ త్రవ్వించి అశ్వమేధమునకు వినియోగించెను. రెంటను కోరినది ధనమే. మొదటిదానిలో తెలిసినవారి మాట లెక్కింపబడలేదు, ఒడ్డినది తనది కాదు. రెండవదానిలో ఉపదేశమును, ప్రయోజనమును, మితియు కలవు.

కావున గృహస్థుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను: ఈ ధనము పోయినచో పస్తుండువారెవరు? కుమార్తె వివాహమునకు, తల్లిదండ్రుల వైద్యమునకు దాచినది తన సొమ్మైనను ఒడ్డుటకు తనది కాదు. మిగులు ధనము నుండి, పోయినను కలత చెందనంత మాత్రము, విషయము నెఱిగి పెట్టినచో దానిని జూదమనుట తగదు.

ఇంకొక సూక్ష్మము కలదు. గనిలో సారము లేదని శంకించియు, ఆ శంకను దాచి, తెలియనివానికి షేరు నంటగట్టినవాడు రాతిపొడిలో రజము కలిపినవానికి దూరపు చుట్టము. అతని లాభమునకు చట్టము అడ్డుపడకపోవచ్చును, అంతరాత్మ అడ్డుపడవలెను.

ధర పెరిగినచో ఇంత సమర్పింతునని స్వామికి ముడుపు కట్టువారును కలరు. లక్ష్మీపతికి వాటా చూపి లోభమునకు సాక్షిగ నిలుపుట భక్తి యనిపించుకొనదు. ధర్మార్జితమైన ఒక్క రూపాయి హుండీలో పడినను అది స్వామికి ప్రీతికరము. పరుని కన్నీటితో తడిసిన లక్షయు ఆ పాదములను చేరదు. ముడుపు కట్టుచో స్థిరబుద్ధి కొఱకు కట్టవలెను. అది లభించినవానికి ధర పెరిగినను, తఱిగినను, నిదుర చెడదు.