పాత తుపాకి, పాత పుస్తకం

బర్మింగ్‌హామ్‌కు చెందిన తుపాకుల తయారీదారు విలియం వెల్లింగ్టన్ గ్రీనర్ 1881లో వెలువరించి, 1910 నాటి తొమ్మిదో కూర్పు వరకు సవరిస్తూ వచ్చిన ‘ద గన్ అండ్ ఇట్స్ డెవలప్‌మెంట్’, ఆయుధ చరిత్ర చదివేవారికి నేటికీ ఆకర గ్రంథం, అంటే సందేహం కలిగినప్పుడల్లా తిరగేయవలసిన మూలాధారం. అందులో అన్నిటికంటే విలువైనది డమాస్కస్ గొట్టం తయారీ వివరణ: ఇనుప, ఉక్కు పట్టీలను పేర్చి, ఎర్రగా కాల్చి అతికించి, ఆ కడ్డీని తాడులా మెలిపెట్టి, అటువంటి కడ్డీలను పక్కపక్కన చేర్చి, గుండ్రటి కమ్మీ చుట్టూ చుట్టి, అంచులు ఏకమయ్యేదాకా సుత్తితో కొట్టేవారు, ఆపై ఆమ్లం తగిలితే ఇనుము, ఉక్కు వేర్వేరు ఛాయల్లో తేలి, గొట్టం పొడవునా సుడుల చారలు కనిపించేవి. తెలంగాణలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు జాతిదే గాని, ఈ గొట్టాల చారలు మాత్రం అతుకు పనివల్ల ఏర్పడినవి. రెండింటినీ కలగలిపి రాసేవారు ఇప్పటికీ లేకపోలేదు.

ఏకఖండ ఉక్కు గొట్టాలు వచ్చాక ఈ విద్య దాదాపు అంతరించింది కనుక, కొలిమిని దగ్గరనుండి ఎరిగినవాడి వర్ణన సాక్ష్యంతో సమానం. అయితే గ్రీనర్ వ్యాపారి కూడా. తన తుపాకుల మీద మమకారాన్ని ఆయన దాచుకోలేదు. అటువంటి చోట వస్తువునే పరిశీలించాలి: 1813లో ఏర్పడిన బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్, అనగా మామూలుకంటే ఎక్కువ మందు దట్టించి గొట్టాలను కాల్చి పరీక్షించే సంస్థ, వేసిన ముద్రల ఆకృతి కాలానుగుణంగా మారుతూ వచ్చింది కనుక, గొట్టం అడుగున ఉన్న ఆ ముద్రను బట్టి తుపాకి ఏ కాలంలో పరీక్షకు నిలిచిందో నిర్ణయించవచ్చు.