అంగడి కాయకము - శుచి, మర్యాద

వక్షఃస్థలమున ఇష్టలింగమును ధరించిన శరణునికి దేహమే దేవాలయము. ఆలయమును ఊడ్చి, కడిగి, దీపము పెట్టినట్లే దేహమును శుచిగా నుంచుకొనుటయు పూజలోని భాగమే. ఈ మాట వీరశైవ గృహములలో బాల్యమునుండి వినబడుచున్నదే. కాని ఉదయము లింగపూజ ముగించి అంగడి పనికి బయలుదేరు యువతీయువకులు ఆ ఆలయమును ఇంటియొద్ద విడిచిపోవుట లేదు. ఆ దేహముతోనే వారు రాత్రి వరకు పరుల ముందు నిలుతురు. కావున అంగడిలోని వేషము, నడత, మాటతీరు కేవలము లౌకిక విషయములని త్రోసివేయదగినవి కావు. అవి ధర్మవిచారమునకు వచ్చునవే.

పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుడు బిజ్జలుని భండారమును నిర్వహించెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. మడివాలు మాచయ్య శరణుల వస్త్రములను ఉదికెను. కాయకములలో ఎక్కువ తక్కువలు లేవని వారి జీవితములే చాటుచున్నవి. అట్లయినచో చీర మడత విప్పి చూపుటయు, కందిపప్పు తూచి పొట్లము కట్టుటయు, మందులచీటి చూచి మాత్రలు తీసి యిచ్చుటయు కాయకములే. మాచయ్యను స్మరించువారికి, మాసిన వస్త్రముతో కాయకమునకు నిలుచుట తగదని వేరుగ చెప్పవలెనా?

అంగడి పనిలో శుచికి స్పష్టమైన కారణములు కలవు. పట్టుచీరను చూపు చేతికి గోరు పెరిగియున్నచో పోగు లేచును. చెమట చేయి మరక వేయును. తెల్లని దుప్పటి పరచిన పరుపుపై కూర్చుండి వస్త్రములు చూపు దుకాణములలో పాదములు కూడ శుభ్రముగా నుండవలెను. తినుబండారములు తూచువాడు తల గోకికొని అదే చేతితో బెల్లమును ముట్టరాదు. ఘాటైన అత్తరు కొందరికి తలనొప్పి తెచ్చును. గుట్కా వాసన ఎల్లరికి రోత పుట్టించును. వచ్చినవారు ఎదుట నిలిచియుండగా సెల్‌ఫోనుపై చూపు నిలుపుట, వారు అడిగినదానికి బదులియ్యక తోటివానితో పరిహాసమాడుట కూడ మాలిన్యమే. ఉదికిన చొక్కా దానిని కప్పజాలదు.

అయితే శుచి వేరు, సౌందర్యము వేరు. మేనిచాయను, ఎత్తును, కొత్త మోస్తరు వేషమును చూచి పనిలోనికి తీసికొను యజమాని శుచిని గాక రూపమును వెదకుచున్నాడు. అక్కమహాదేవి వస్త్రములను త్యజించి, కేశములే ఆచ్ఛాదనగా కల్యాణమునకు వచ్చినపుడు అల్లమప్రభువు ఆమెను కఠినముగా ప్రశ్నించెనని శరణచరిత్రలు చెప్పుచున్నవి. ఆమె ఉత్తరములలోని అనుభవమును గ్రహించి శరణులు ఆమెను గౌరవించిరి. రూపమును దాటి మనిషిని చూచుట ఆ సభ నేర్పిన పాఠము. అంగడిలో పనిచేయువారు అక్కవలె వేషమును విడువనక్కరలేదు. వారు నిలుచునది ఏకాంత సాధనకు గాదు, పరుల సేవకు. ఆ సేవకు ఉదికి ఆరవేసిన పాత చొక్కా, దువ్విన తల, కడిగిన చేతులు చాలును. అవి పేదవానికిని సాధ్యములు.

ఒక సన్నివేశమును భావింపుడు. శ్రావణమాసము. వస్త్రదుకాణము క్రిక్కిరిసియున్నది. ఇస్త్రీ చేసిన చొక్కా, నుదుట విభూతి రేఖలు గల యువకుడు బల్ల వెనుక నిలిచియున్నాడు. పొలమునుండి నేరుగా వచ్చిన ఒక స్త్రీ, కాళ్లకు ఆరిన బురద, కొంగున ముడివేసిన నోట్లు, కూతురి పెండ్లికి మంచి చీరలు చూపుమని అడుగుచున్నది. యువకుడు ఆమెను ఒకమారు ఎగాదిగా చూచి, పై అరవైపు చేయి చాపక, క్రింది అరలోని చౌకచీర నొకదానిని బల్లపై పడవేసి, "ఇవే ఉన్నవి" అనును. అంతలో బంగారు గాజుల ఇల్లాలు వచ్చి కూర్చుండును. పై అరనుండి పట్టుచీరలు దిగుట మొదలగును. రైతుస్త్రీ మాటాడక మెట్లు దిగిపోవును.

ఆ యువకుని వేషమున లోపమేమియు లేదు. లోపము చూపులో నున్నది. తన దేహమును ఆలయముగా తలచినవాడు ఎదుటి దేహమును ఆలయముగా చూడలేకపోయెను. "ఇవే ఉన్నవి" అను అసత్యము విభూతి ధరించిన నుదుటి క్రిందనే వెలువడెను. మీటరుకు రెండు వ్రేళ్లు తగ్గించి కత్తిరించు చేతికి ఎంత దోషమో, మనిషి వెలను చీరను బట్టి తగ్గించు చూపునకును అంతే దోషము. బహిరంగశుద్ధి అంతరంగశుద్ధికి వాకిలి. వాకిటనే ఆగినవానికి లోపలి దీపము కనబడదు. బురదకాళ్ల స్త్రీకిని కూర్చుండ జోటు చూపి, త్రాగుటకు నీరిచ్చి, అడిగిన చీరలు దింపి, ధర దాచక చెప్పియున్నచో, ఆమె కొనినను కొనకున్నను ఆ విభూతి వెలిగియుండెడిది.

అట్లని దోషమంతయు యువకునిపై మోపుట న్యాయము కాదు. యజమాని ఎవరికి లేచి నమస్కరించుచున్నాడో, ఎవరిని చూడనట్లు నటించుచున్నాడో పనివారు ప్రతిదినము గమనింతురు, అదే నేర్తురు. మరియు శుచిని కోరువాడు శుచికి సాధనములను సమకూర్పవలెను. అందరు ఒకే రంగు దుస్తులు తొడుగవలెనని నియమించి వాని వెలను జీతమున కోయుట, ముఖము కడుగుకొనుటకు కుళాయియైనను లేని చోట చెమట వాసనను నిందించుట ధర్మము కాదు. మరుగుదొడ్డి లేని దుకాణములలో స్త్రీలు నీరు త్రాగుటయే మానుకొందురు. దినమంతయు నిలిచి వాచిన కాళ్ల నొప్పి ముఖమున చిరునవ్వుగా మారదు. కేరళలోని కోజికోడ్ వస్త్రదుకాణములలో పనిచేయు స్త్రీలు ఈ బాధను వీథికి వచ్చి చెప్పిరి. 2018లో కేరళయు, 2021లో తమిళనాడును తమ దుకాణముల చట్టములను సవరించి, పనివారు కూర్చుండుటకు ఆసనములు కల్పింపవలెనని విధించినవి. చట్టము చెప్పిన పిదప పీట వేయుట విధేయత. చెప్పకమునుపే వేయుట దాసోహము.

రాలిన బియ్యమును ఏరుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడు అతడు అవసరమునకు మించి తెచ్చినపుడు, మిగులును తెచ్చినచోటనే విడిచిరమ్మని భార్య లక్కమ్మ పంపెనని శరణచరిత్ర. పనివాని దుస్తుల పేర జీతమున కోసిన సొమ్ము యజమాని గల్లాపెట్టెలో చేరిన ఆ మిగులు బియ్యమే. దానిని తిరిగి యిచ్చిననాడు ఆ గల్లాపెట్టెకు శుచి కలుగును.

వీరశైవ కుటుంబములలో అంగడి యజమానులును కలరు, అంగడులలో జీతమునకు నిలుచువారును కలరు. ఒకే మఠమున ఒకే పంక్తిని ప్రసాదము స్వీకరించునపుడు వారి నడుమ బల్ల లేదు. ఆ పంక్తిని తలచుకొని యజమాని పనివానికి పీట వేయుగాక. పనివాడు వచ్చినవారికి చోటు చూపుగాక. ఉదయము లింగమును పట్టిన ఆ చేతులే పగలు చీర మడతను విప్పునవి, తక్కెడను పట్టునవి. ఆ చేతులకు పూజలో నొక శుచి, అంగడిలో నొక శుచి లేవు.