యంత్రముఖాన గీతాశ్రవణం

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే జాతీయ రహదారి మీద ఉన్న ఉంగుటూరు మొదలుకొని కొల్లేటి లంకల దాకా, గుడి మైకుల్లో తరతరాలుగా వినవస్తున్న గొంతుల్లో ఘంటసాల వెంకటేశ్వరరావుది ఒకటి. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూసిన తరువాత హెచ్‌ఎంవీ సంస్థ విడుదల చేసిన భగవద్గీత రికార్డులో ఎంపిక చేసిన శ్లోకాలకు తెలుగు తాత్పర్యం జతపడి ఉండడం వల్ల, సంస్కృతం రాని ఇళ్ళకు కూడా గీత చేరింది. ఆనాటి నల్లని ప్లేట్లు బీరువాల నుంచి బయటికి వచ్చి, కొత్త టర్న్‌టేబుళ్ళ మీద మళ్ళీ తిరుగుతున్న ఈ కాలంలో ఒక ధర్మసందేహం విచారించదగినదిగా ఉంది: పాడినవాడు లేకుండా, గాడీ ముల్లూ విద్యుత్తూ కలిసి పలికించే ధ్వనిని వినడం గీతాశ్రవణం అవుతుందా, లేక అది శ్రవణానికి నీడ మాత్రమేనా?

దీనికి సమాధానం వెదకాలంటే యంత్రం చేసే పని ముందుగా తెలియాలి. ముల్లు గాడిలోని వంపులను బట్టి కదిలినప్పుడు, దానితో పాటు ఊగే చిన్న అయస్కాంతం పక్కనున్న తీగచుట్టల్లో సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టుల విద్యుత్తును పుట్టిస్తుంది. నేటి యాంప్లిఫయర్లు ఆశించేది ఇంచుమించు దానికి నూరు రెట్లు కాబట్టి, రెంటికీ నడుమ ఫోనో ప్రీయాంప్లిఫయర్ అనే పరికరం అవసరమవుతుంది. అయితే బలం పెంచడం దాని పనిలో సగమే. రికార్డును కోసేటప్పుడే మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచి గాడిలోకి ఎక్కిస్తారు. మంద్రాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే గాడి వెడల్పై ప్లేటులో పట్టే పాట తగ్గిపోతుంది, తారాన్ని పెంచకుండా ఎక్కిస్తే అది ప్లేటు గరగరలో మునిగిపోతుంది. అమెరికా రికార్డు పరిశ్రమ సంఘమైన ఆర్‌ఐఏఏ 1954లో స్థిరపరచిన కొలత ప్రకారం, 1,000 హెర్ట్జ్ స్వరంతో పోల్చినప్పుడు 20 హెర్ట్జ్ వద్ద తగ్గింపు, 20,000 హెర్ట్జ్ వద్ద పెంపు, రెండూ దాదాపు 20 డెసిబెల్సు. ప్రీయాంప్లిఫయర్ ఈ సవరణను తిరగవేసి స్వరాన్ని మొదటి తూకానికి తెస్తుంది. అది లేకుండా వింటే గొంతు సన్నగా, కీచుగా ఉంటుంది. టర్న్‌టేబుల్ లోపలే ప్రీయాంప్లిఫయర్ ఉన్న సంగతి తెలియక యాంప్లిఫయర్ ఫోనో ద్వారానికి కలిపితే, దిద్దినదాన్నే మళ్ళీ దిద్దినట్టై మంద్రం ముంచెత్తి మాట మొద్దుబారుతుంది. కాబట్టి గాడిలో నిలిచి ఉన్నది ఘంటసాల గొంతు కాదు, తెలిసి చేసిన దాని వికృతి. ప్రకృతి బయటపడేది ఆ వికృతికి విరుగుడు తెలిసిన చోటనే.

శబ్దం నిత్యమా అనిత్యమా అన్న పాత వివాదం ఇక్కడ కొత్త పదును పొందుతుంది. శబ్దం నిత్యమనీ, కంఠప్రయత్నం దానిని పుట్టించదు, చీకట్లో ఉన్న కుండను దీపం చూపినట్టు వెల్లడి చేస్తుందనీ మీమాంసకుల సిద్ధాంతం; దీనినే అభివ్యక్తి అంటారు. నైయాయికులు దీనిని ఒప్పుకోరు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో శబ్దాన్ని చెవికి అందే ఆకాశగుణంగా నిర్వచించి, భేరి మోత వంటి ధ్వని అనీ, భాషలోని వర్ణం అనీ రెండుగా విభజించాడు. న్యాయమతంలో శబ్దం పుట్టి, తనవంటి మరో శబ్దాన్ని పుట్టించి నశిస్తుంది. నిన్న విన్న అక్షరమే నేడు విన్నామనుకోవడానికి కారణం వ్యక్తి ఒకటే కావడం కాదు, జాతి ఒకటే కావడం. ఆకాశగుణమన్న మాటను నేటి భౌతికశాస్త్రం అంగీకరించకపోయినా, ఈ వాదానికి కలిగే నష్టమేమీ లేదు.

ధ్వని విషయంలో గెలుపు నైయాయికులదే. ఉంగుటూరులో ఒక ఇంటి గదిలో స్పీకరు పొర కదిలినప్పుడు పుట్టినది అప్పటికప్పుడు పుట్టిన ధ్వని, ఘంటసాల ఊపిరి అందులో లేదు. అయితే శ్లోకంలోని పదాలు, వాటి వరుస, వాటి అర్థం ఏ గాయకుడి కంఠానికీ సొంతమైనవి కావు గనుక, అంతవరకు మీమాంసకుల దీపదృష్టాంతం ప్రీయాంప్లిఫయరుకు చక్కగా సరిపోతుంది. అది తన సొంత మాట కలపనంత కాలం వెల్లడి చేసే సాధనమే. ఈ న్యాయాన్ని వేదానికి పొడిగించకూడదు. గురుముఖాన నేర్వవలసిన వేదం విషయంలో పాణినీయ శిక్ష రాతప్రతి చూసి చదివేవాడిని సైతం అధమ పాఠకుల్లో చేర్చింది, ఇక ప్లేటు విని నేర్చినవాడి మాట చెప్పనక్కరలేదు. గీత స్మృతి కాబట్టి దానికి ఆ నిర్బంధం లేదు.

అంతకంటె బలమైన సాక్ష్యం గీతలోనే ఉంది. కురుక్షేత్రంలో కృష్ణుడు చెప్పినదాన్ని వ్యాసుని అనుగ్రహం వల్ల విన్న సంజయుడు ధృతరాష్ట్రుడికి వినిపించాడు. లోకానికి అందిన గీత మొదటి నుంచీ ఒకరి ద్వారా మరొకరికి చేరిన వాక్కే. మధ్యవర్తి ఉన్నందువల్ల ధృతరాష్ట్రుడు గీత వినలేదని ఏ వ్యాఖ్యాతా అనలేదు. విన్నా అతనిలో మార్పు రాకపోవడానికి కారణం సంజయుడి లోపం కాదు. పద్దెనిమిదో అధ్యాయం 71వ శ్లోకం శ్రవణఫలాన్ని వినేవాడి శ్రద్ధకూ అసూయలేమికీ ముడిపెట్టింది, చెప్పే సాధనానికి ముడిపెట్టలేదు.

అదే అధ్యాయం 67వ శ్లోకం, వినగోరనివాడికి దీనిని చెప్పవద్దని నిషేధించింది. ఊరంతటికీ, ఇష్టమున్నా లేకున్నా, మైకులో గీత వినిపించే అలవాటు ఈ నిషేధానికి ఎదురు నడుస్తుంది. ఎవరైనా పోయినప్పుడు ఆ రికార్డునే పెట్టడం వల్ల, ఆ గొంతు వినగానే ఎవరు పోయారని అడిగే పరిస్థితి ఆంధ్ర గ్రామాల్లో స్థిరపడింది. యుద్ధానికి జంకినవాడిని నిలబెట్టి పనికి పురికొల్పిన గ్రంథానికి ఇది తగిన గతి కాదు. ప్రీయాంప్లిఫయర్ సరిగా కలిపిన టర్న్‌టేబుల్ ముందు, తలుపు వేసుకుని, వినాలన్న కోరికతో కూర్చున్నవాడి శ్రవణం శాస్త్రసమ్మతమైన గీతాశ్రవణమే. శాస్త్రం ముందు సంజాయిషీ చెప్పుకోవలసినది గుడి మైకు.