మార్లవాయిలో కొత్త కాపురం

కొత్త ఊళ్లో సామాను ఒక్కరోజులో సర్దుకోవచ్చు. చెవికి ఊరు అలవాటు కావడానికే కాలం పడుతుంది.

1940లలో వియన్నా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, భార్య బెట్టీ ఎలిజబెత్ ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో దిగారు. గోండుల గూడెం అది. సర్కారు మనుషులంటే అనుమానం. ఉండదూ మరి? నిజాం సర్కారుపై పోరాడిన గోండు వీరుడు కుమ్రం భీం నేలకొరిగి ఎంతో కాలం కాలేదు. వీళ్లేమో ఆ సర్కారు అండతోనే వచ్చినవాళ్లు.

గుడిసెలోనే కాపురం పెట్టారు. గోండి నేర్చుకున్నారు. చెవి ముందు, నోరు తర్వాత. పోయిన భూముల గోడు విన్నారు. ఆ తర్వాతే గోండి వాచకాలు, ఊళ్లో బడి. అవును, చెవే ముందు.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమె సమాధి మాత్రం మార్లవాయిలో ఉంది.