వాడని పనిముట్టు ఎవరి సొత్తు?

వస్తువును సంపాదించు మార్గములను బోధించువారు లోకమున పెక్కుమంది కలరు. సంపాదించిన వస్తువును ఎప్పుడు విడువవలెనో చెప్పువారు అరుదు. ఋణము చేయరాదనియు, దుబారా తగదనియు, పెండ్లిండ్లలో ఆడంబరము కూడదనియు మేమును పలుమారు వ్రాసి యుంటిమి. అట్లు వ్రాసిన మా యింటనే, అలమారలోని యొక చిన్న పెట్టెయందు, తొమ్మిది లక్షల రూపాయల సొమ్ము రెండేండ్లు నిద్రించినది. దాని నుంచుకొనవలెనా, అమ్మవలెనా యను ప్రశ్న మమ్ము చాలకాలము బాధించినది. ప్రశ్న చిన్నదే. కాని పెద్ద ధర్మములు చిన్న ప్రశ్నలయందే పరీక్షింపబడును గనుక దానిని చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఆ సొమ్ము ఒక కెమేరా. లైకా యను జర్మను యంత్రమును, దానికి తగిన కటకమును. ఈ జాతి కెమేరాకు ఘనమైన చరిత్ర కలదు. వెట్జ్లార్ పట్టణమున ఆస్కార్ బార్నాక్ అను యంత్రశిల్పి, చలనచిత్రములకు వాడు ఫిలుముతోనే పనిచేయు చిన్న కెమేరా నమూనాను 1914 ప్రాంతమున నిర్మించెను. 1925లో లైప్జిగ్ ప్రదర్శనలో ఆ జాతి యంత్రము లోకమునకు చూపబడినది. 1954లో వచ్చిన ఎం-3 మొదలు ఆ వరుసలో కటకమును బిగించు పద్ధతి మారలేదు. ఆనాటి కటకమును నేటి డిజిటలు యంత్రమునకు తగిలించి బొమ్మ తీయవచ్చును. 2006లో ఆ వరుసయందు మొదటి డిజిటలు కెమేరా వెలువడినది. 2022లో వచ్చిన ఎం-11 వెల, కటకము లేకయే, అమెరికాలో 8,995 డాలర్లుగా నిర్ణయింపబడెను.

దీనిని రేంజిఫైండరు కెమేరా యందురు. ఇందు కటకముగుండ చూచుట లేదు. ప్రక్కనున్న చిన్న కిటికీగుండ చూడవలెను. ఆ కిటికీ నడుమ ఒక కాంతివంతమైన చతురము కన్పట్టును. అందు ఎదుటి మనుష్యుడు రెండుగా తోచును. చేతితో కటకపు వలయమును త్రిప్పగా త్రిప్పగా ఆ రెండు రూపములును ఒకదానిపై నొకటి చేరి ఒక్కటియగును. అప్పుడు మీట నొక్కవలెను. యంత్రము తనంతట తాను దృష్టి నిలుపదు. ఆ శ్రమ మనుష్యునిదే. అందువలన తొందరపాటు తగ్గుననియు, చూపు నిలుచుననియు దాని నభిమానించువారు చెప్పుదురు. ఆ మాట అసత్యము కాదు.

ఉద్యోగ విరమణమునాడు చేతికందిన ప్రావిడెంటు ఫండులోనుండి మేము దానిని కొంటిమి. జేబులోని ఫోనుతో దినమునకు నూరు బొమ్మలు తీసి ఒక్కదానినైనను మరల చూడకుండుటకంటె, ఈ యంత్రముతో వారమునకు పది బొమ్మలు తీయుట మేలని మమ్ము మేము సమాధానపరచుకొంటిమి. మూడు నెలలు గోదావరి రేవులందును, రైతుబజారులందును, దేవాలయ గోపురముల నీడలందును తిరిగితిమి. పిమ్మట భయములు ప్రవేశించినవి. మాది సముద్రతీరపు ఊరు. గాలిలో చెమ్మ యెక్కువ. చెమ్మ తగిలిన కటకమునకు బూజు పట్టును. అందుకై గాలి చొరని పెట్టె కొని, తేమను పీల్చు పొట్లములు అందుంచి, నెలకొకసారి వాని మార్చుచుంటిమి. వానకు భయము, దొంగకు భయము, చేజారునేమో యని భయము. కెమేరా మాకు పనిచేయుట మాని, మేము కెమేరాకు పనిచేయ మొదలిడితిమి.

అమ్మివేయుదమని తోచినప్పుడెల్ల నాలుగు వాదములు మా మనస్సున లేచెడివి. వానిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది నష్టభయము. తొమ్మిది లక్షలకు కొన్నది అయిదున్నరకు మించి పలుకదని తెలిసినది. మూడున్నర లక్షలు చేజేతుల పోగొట్టుకొందుమా? కాని విచారించి చూడగా, ఆ మూడున్నర లక్షలు అమ్మిననాడు పోవునవి కావు. కొన్ననాటినుండి క్రమక్రమముగా పోయినవే. అమ్మకము ఆ నష్టమును మన కంటికి చూపును, అంతియే. చూడనొల్లక అలమార తలుపు మూసిన యెడల నష్టము ఆగదు సరికదా, ఏటేట పెరుగును.

రెండవది వారసత్వము. మనుమనికి మిగులునని మా ఆశ. ఎం-3 వంటి పాత యంత్రము విషయమున ఈ వాదము కొంత చెల్లును. దానికి బ్యాటరీయే అక్కరలేదు, బాగుచేయు పనివాడున్నంతకాలము అది నడచును. డిజిటలు కెమేరా యట్లు కాదు. దానికి బ్యాటరీయు, వెలుతురును గ్రహించు పలకయు, లోపలి విద్యుత్ఫలకములును ప్రాణము. వానిలో నొకటి చెడి, మారుభాగము దొరకనినాడు అది అందమైన లోహపుముద్ద యగును. కటకము మనుమనిదాక నిలుచునేమో కాని, కెమేరా నిలుచుననుట ఆశయే.

మూడవది కళాభిమానము. వెలగల సాధనము నుంచుకొనుటయే దోషమా? కాదు. పనసకొయ్యతో చేసిన బొబ్బిలి వీణ వైణికుని చేతనున్నంతకాలము ఎంత వెలదైనను విలాసవస్తువు కాదు. దినమును వాయించు వీణకును, అతిథులకు చూపుటకై గోడకు వ్రేలాడదీసిన వీణకును భేదము కొయ్యలో లేదు, చేతిలో నున్నది. కనుక ఈ వాదము కెమేరాను గూర్చి మంచిమాటయే కాని, మాకు సాక్ష్యము కాజాలదు.

నాలుగవది పశ్చాత్తాపభయము. నేడు అమ్మిన పిమ్మట రేపు కోరిక పుట్టినచో నేమి? మహాచిత్రకారుల జీవితములను చూచినచో దీనికి కొంత సమాధానము దొరకును. ఆంరి కార్టియే-బ్రెసాన్ అను ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు 1948 జనవరి 30వ తేదీన, గాంధీమహాత్ముడు హతుడగుటకు కొద్ది గంటలముందు, ఆయన చిత్రములను తీసెను. అట్టివాడు పెద్దతనమున కెమేరాను ఇంటి యినుప పెట్టెలో నుంచి, అరుదుగా తప్ప బయటికి తీయక, చిత్రలేఖనమునకు మరలెను. మన దేశమున తొలి మహిళా పత్రికా ఛాయాచిత్రకారిణియైన హొమాయి వ్యారవాలా 1970లో వృత్తిని విడిచి, 2012లో మరణించువరకు మరల దానికి మరలలేదు. ఒకరు యంత్రము నుంచుకొనిరి. ఒకరు వృత్తినే విడిచిరి. ఇరువురి చిత్రములును నిలిచియే యున్నవి. పని నిలుచును గాని పనిముట్టు కాదు.

ఇట్లు నాలుగు వాదములును వీగిపోయినను మా చేయి కదలలేదు. బుద్ధి ఒప్పుకొన్నదానిని మమకారము ఒప్పుకొనదు. అప్పుడొకనాడు మా యిల్లాలు, ఏ కోపమును లేకయే, ఇట్లనెను: “మా అమ్మ పెట్టిన కాసులపేరు బ్యాంకు లాకరులో నున్నదని మీరు వ్యాసము వ్రాసితిరి. అది మృతధనమంటిరి. మరి మీ పెట్టెలోనిది సజీవమా అండీ? దాని వెల ఏటేట పెరిగినది. దీని వెల యేమైనది?”

మేము నిరుత్తరులమైతిమి. స్త్రీల నగలమోజును ఖండించుట సంస్కరణాభిలాషులకు చిరకాలపు అలవాటు. పురుషుని మోజునకు మాత్రము మేము ‘అభిరుచి’ యనియు, ‘కళ’ యనియు గౌరవనామములు పెట్టుకొంటిమి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణ చట్టము ఆడుబిడ్డలకు ఉమ్మడి కుటుంబాస్తిలో కుమారులతో సమానమగు హక్కు నిచ్చెననియు, దేశమంతటికి అది 2005లో వచ్చెననియు సభలయందు గర్వముగా చెప్పితిమి. కాని యిద్దరి వార్ధక్యమునకై కూడిన ధనమునుండి తొమ్మిది లక్షలు తీయునప్పుడు ఆమెను ఒక్కమాటైనను అడుగలేదు. తగవు కెమేరా వెలనుగూర్చి కాదు. ఆ అడుగని మాటనుగూర్చి. అది మాకు అంతవరకు తోచలేదు.

అయినను ఆమె వెంటనే అమ్ముమనలేదు. “దసరాకు పనిముట్లను పూజింతుము గదా, అప్పటినుండి సంక్రాంతిదాక వాడి చూడుడు” అనెను. ఈ మాట మాకు నచ్చినది. పాండవులు ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిరి. దాచుటచేత అవి నిరుపయోగములు కాలేదు. కాని ఆ దాచుటకు గడువు గలదు, కారణము గలదు. గడువు తీరగానే గాండీవమును దింపి అర్జునుడు యుద్ధమునకు పోయెను. గడువులేని దాపరికము అజ్ఞాతవాసము కాదు. అది వట్టి నిక్షేపము. వడ్రంగి ఆయుధపూజనాడు ఉలికి బొట్టుపెట్టి మరునాడు దానితో కొయ్య చెక్కును. మేము కెమేరాకు బొట్టుపెట్టి మరల పెట్టెలో నుంచితిమి. పూజ ఒక్కటే, ఫలము వేరు.

ఆ యేడు గడువు పెట్టుకొంటిమి. కెమేరాను దినమును వెంట తీసికొనిపోవలెను. వారమునకొక బొమ్మ అచ్చువేయించి, అందున్నవారికే ఈయవలెను. మొదటి పక్షము ఉత్సాహముగా సాగినది. కార్తికమున వానలు సాకుగా దొరికినవి. పిమ్మట బంధువుల రాక, పిమ్మట ఒంటి నలత. సంక్రాంతినాటికి లెక్కచూడగా, పదునాలుగు బొమ్మలు ఈయవలసినచోట నాలుగే యిచ్చితిమి. సాకులన్నియు నిజములే. కాని వాడదలచినవానికి అవియే వానలు, అవియే బంధువులు అడ్డమురావు.

కనుమ మరునాడు అమ్మకమునకు పెట్టితిమి. చేనేత పల్లెలలో తిరిగి మగ్గములవారి బొమ్మలు తీయు ఒక యువకుడు వచ్చెను. కెమేరాను చేతబట్టి, దృష్టి సరిగా నిలుచునో లేదో చూచుకొనుటకై, అరుగుమీద చిక్కుడుకాయలు ఒలుచుచున్న మా యిల్లాలిని “అమ్మా, ఒక్క బొమ్మ తీసికొందునా?” అని అడిగెను. ఆమె కొంగు సవరించుకొని నవ్వెను. ఆ బొమ్మను మాకే యిచ్చిపోయెను. రెండేండ్లలో మేము పడవలను తీసితిమి, గోపురములను తీసితిమి, సంతలోని ఎరుగని ముసలివారిని తీసితిమి. ఆ కెమేరాతో ఆమెను తీసిన మొదటి బొమ్మ అదియే. ఆ యువకుడు మాకంటె గొప్ప చిత్రకారుడో కాదో మే మెరుగము. అడిగి తీసినాడు, మేము అడుగనూలేదు, తీయనూలేదు.

అమ్మినంతనే పుణ్యము వచ్చినదని మేము చెప్పబోము. ఆ ధనముతో మరియొక మోజు కొన్న యెడల అమ్మకమును ఆటయే యగును. అయిదున్నర లక్షలును ఇద్దరి పేర బ్యాంకులో వేసితిమి; అందలి తన సగముతో ఆమె యేమి చేయునో అది ఆమె యిష్టము. మాకు దిగులు లేదనియు చెప్పము. ఆ పెట్టె యుండిన చోటు చూచినప్పుడు మనస్సు కొంత చివుక్కుమనును.

ఇట్టి వస్తువు చదువరుల యిండ్లలోను ఉండవచ్చును: మీటని వీణ, తెరువని పుస్తకపు బీరువా, తొడుగని నగ. వానినెల్ల నమ్ముడని మేము చెప్పుట లేదు. ఒక గడువు పెట్టి, పని చేయించి చూడుడు. కొనునప్పుడు ఇంటివారిని అడిగితిమా యని తలచుకొనుడు. పని చేసినచో నిస్సంకోచముగా నుంచుకొనుడు. చేయనిచో, దానితో పనిచేయువాడు మరియొకచోట వేచియున్నాడని యెరుగుడు. వాడని పనిముట్టునకు మనము యజమానులము కాము, కావలివారము మాత్రమే. ఆ కావలికి మనకు జీతమిచ్చువారు లేరు సరికదా, ఇంటివారందరును దాని ఖర్చు భరించుచున్నారు.