ఆ రోజు బావుంది

పోయిన వేసవిలో ఒక ఆదివారం నేనూ, నా భార్యా పాపికొండలకి వెళ్లాం. గండిపోశమ్మ గుడి దగ్గర బోటు ఎక్కాం. కొంత దూరం పోయాక సిగ్నల్ పోయింది. పెళ్లయిన ఆరేళ్లలో ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగకుండా ఉన్న రోజు అదొక్కటే అనుకుంటా. పైడెక్ మీద ప్లాస్టిక్ కుర్చీలు, అందరికీ నారింజరంగు లైఫ్‌జాకెట్లు, స్పీకర్లలో ‘గోదావరి’ సినిమా పాటలు. 2006లో ఆ సినిమా వచ్చినప్పుడు నేను ఇంజనీరింగ్‌లో ఉన్నాను. నిజం చెప్పాలంటే అప్పటిదాకా నాకు గోదావరి అంటే రైల్లోంచి కనపడే రాజమండ్రి బ్రిడ్జే.

పెరుగన్నం తిన్నాక తను నా భుజం మీద తల పెట్టుకుని కాసేపు నిద్రపోయింది. కొండలు రెండువైపులా దగ్గరికొచ్చాయి. ఇంతకన్నా ఏం కావాలి?

కావాల్సిందేం లేదు. కానీ తన అమ్మమ్మగారి ఊరు ఆ నీళ్లలోనే ఉంది. దేవీపట్నం మండలంలో ఏటి ఒడ్డు ఊరు. (పేరు రాయొద్దంది, రాయట్లేదు.) పోలవరం కాఫర్‌డ్యామ్ లేచి, 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే వైపు మళ్లించాక, వెనక నీళ్లు మునుపటిలా దిగడం మానేశాయి. ఊరు ఖాళీ అయింది. ఒకప్పుడు వేసవిలో ఇక్కడ ఇసుక మేటలు తేలేవట, పిల్లలు నడిచి చాలా దూరం పోయేవాళ్లట. ఇప్పుడు ఎండాకాలంలో కూడా చెరువులా నిండుగా, కదలకుండా ఉంది. ఫోటోలకి ఇదే బావుంది. నా ఇబ్బంది సరిగ్గా అక్కడే మొదలైంది. ఆ రోజు ఏ నీళ్లని చూసి నాకు హాయిగా అనిపించిందో, అవి ఆ ఊరిని ఖాళీ చేయించిన నీళ్లే.

కచ్చులూరు దగ్గర ఇంకో సంగతి. 2019 సెప్టెంబర్ 15న ఇక్కడే వరదలో టూరిస్టు బోటు మునిగింది. 77 మందిలో 26 మందే బయటపడ్డారు. వాళ్లలో చాలామందిని నాటుపడవల్లో వచ్చి లాగింది తూటుగుంట ఊరివాళ్లు. ఆ ఊరూ ముంపు జాబితాలోదే. మా బోటులో యాంకర్ ఆ చోటు దాటేదాకా పాట ఆపాడు. తర్వాత మళ్లీ పెట్టాడు. మొదటిది మర్యాదగా అనిపించింది. రెండోది మొదట దారుణంగా అనిపించింది, తర్వాత ఏమో, మరి ఎంతసేపు ఆపాలి?

నా మొహం చూసి తను అడిగింది: “ఏంటలా ఉన్నావ్?” చెప్పాను. పూర్తి ఎత్తు 45.72 మీటర్లు, అక్కడిదాకా నీళ్లు నింపితే లక్షకి పైగా కుటుంబాలు కదలాలి, మనం దాని మీద షికారు చేస్తున్నాం, వగైరా.

“నువ్వు ఏడుపు మొహం పెడితే ఊరు తేలుతుందా?” అంది. “చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గరికొచ్చినప్పుడల్లా నాకు ఇక్కడ బావుండేది. ఇవాళా బావుంది. ఇది మా ఏరు. నాకు బావుండటం నీకు తప్పులా కనపడితే నేనేం చెయ్యను?”

పోగొట్టుకున్నది తను. బాధపడుతున్నది నేను. ఈ లెక్కలో ఏదో తేడా ఉందని అప్పుడు వెలిగింది. బాధపడితే టికెట్టు డబ్బుల పైన ఇంకేదో చెల్లించినట్టు, రసీదు చేతికొచ్చినట్టు, ఇక ఆ రోజు మీద నాకు హక్కు వచ్చినట్టు ఉంటుంది. డాన్స్ చేస్తున్న తోటి ప్రయాణికుల కన్నా నేను కాస్త మెరుగని కూడా అనిపిస్తుంది. ఈ చివరిది ఒప్పుకోడానికి సిగ్గుగా ఉంది కానీ ఉన్నమాట.

అలాగని ‘హాయిగా ఉండు, అడక్కు’ అన్నదీ నాకు మింగుడుపడదు. మాది నరసరావుపేట పక్కన ఊరు. నా ఇంజనీరింగ్ ఫీజు సాగర్ కుడికాలువ నీళ్లతో పండిన పంటలోంచి వచ్చింది. ఎనిమిదో తరగతిలో మమ్మల్ని లాంచీ ఎక్కించి నాగార్జునకొండకి తీసుకెళ్లారు. కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిందని, కొన్ని కట్టడాల్ని విప్పి తెచ్చి కొండ మీద మళ్లీ కట్టారని మాస్టారు చెప్పారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడన్నది పరీక్షలో బిట్టు. మూడో శతాబ్దం వాళ్ల సంగతి తెలిసింది. 1955లో ఆ లోయలో పొలం దున్నుకుంటున్నవాళ్లు ఎవరో, ఎటు పోయారో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ రోజు మాత్రం బ్రహ్మాండంగా గడిచింది, పులిహోర పొట్లాలతో సహా. యాభై ఏళ్ల తర్వాత పాపికొండల బోటులో పిల్లలకీ అలాగే ఉంటుంది.

పడవ మీద సుఖం గురించి రూసో రాసిన పేజీలు నాకు ఇష్టం. 1765లో స్విట్జర్లాండ్‌లో ఒక సరస్సు మధ్య దీవిలో కొన్ని వారాలున్నాడు. అందరూ ఇంకా భోజనాల దగ్గరుండగానే జారుకుని, ఒక్కడే పడవెక్కి, వెల్లకిలా పడుకుని గంటలు గంటలు కొట్టుకుపోయేవాడట. ఏ కొరతా లేని సుఖం అంటే అదే అంటాడు. తెరేజ్ కూడా ఆ దీవిలోనే ఉంది. ఆవిడకి పుట్టిన ఐదుగురు పిల్లల్నీ ఆయన అనాథాశ్రమానికి పంపేశాడు. పడవలో మాత్రం ఆవిడ లేదు. ఉంటే ఆ పేజీలు అంత నిర్మలంగా వచ్చేవా అని నా అనుమానం. ఆ సుఖానికి కొరత లేకపోవడం, పక్కన ఎవరూ లేకపోవడం రెండూ ఒకటేనేమో.

నా పక్కన మనిషుంది. పేరంటపల్లిలో దిగి, గుడి చూసి, కొండరెడ్లు అమ్మే వెదురు బొమ్మ ఒకటి కొనుక్కుని తిరిగొస్తుంటే, తను చెయ్యి చాపి చూపించడం మొదలుపెట్టింది. అదిగో ఆ మలుపు దాటాక రేవు. రేవు పైన చింతచెట్టు. తాతయ్య దాని కింద మంచం వేసుకుని పడుకునేవాడు, కాయలు రాలితే మాదే తప్పని తిట్టేవాడు. చెప్తూ నవ్వుతోంది. నాకు నీళ్లే కనపడుతున్నాయి. ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తి, దేన్ని తియ్యాలో తెలీక దించేశాను. “ఎన్ని చెట్లుండేవి?” అని అడిగాను. “ఒకటే. పక్కన ఇంకోటుండేది కానీ అది వెంకన్నగారిది,” అంది.

రాత్రి రాజమండ్రిలో హోటల్ గదికి చేరాక అత్తగారు ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టింది.

“లాంచీ ఎక్కారా?”

“ఆఁ.”

“ఏరెలా ఉంది?”

“నిండుగా ఉందమ్మా.”

“చెట్టు కనపడిందా?”

“లేదు.”

కాసేపు అటునుంచి ఏమీ వినపడలేదు. తర్వాత, “అల్లుడుగారికి భోజనం బావుందా, కారం ఎక్కువేశారా?” అని అడిగారు. బావుందని చెప్పాను.